నెట్ నిలకడగా లేని హైస్కూల్లో సైన్స్ పాఠాలకి కొత్త వనరులు: ఏవి నిజంగా పనికొస్తాయి?

భీమిలి_పీఎస్ (ప్రశ్న)

అందరికీ నమస్కారం. భీమిలి దగ్గర హైస్కూల్లో తొమ్మిది, పది తరగతులకి ఫిజికల్ సైన్స్ చెబుతున్నాను. క్లాసులో ఐఎఫ్‌పీ ప్యానెల్ (వేలితో తాకి నడిపే పెద్ద తెర) ఉంది. నెట్ మాత్రం నమ్ముకునేలా లేదు, పాఠం మధ్యలో పోతుంది. ల్యాబ్‌లో పాత కంప్యూటర్లు ఐదారు పనిచేస్తాయి. పిల్లల దగ్గర ఫోన్లు లేవు. సగం మంది తెలుగులో అడిగితేనే మాట్లాడతారు, పుస్తకం మాత్రం రెండు భాషల్లో ఉంది.

స్కూల్ కాంప్లెక్స్ మీటింగ్‌కి (చుట్టుపక్కల బళ్ల టీచర్ల సమావేశం) వెళ్తే యాప్‌ల పేర్లు పేజీ నిండా రాసిస్తారు. ఒక్కటి కూడా పాఠంలో ఎక్కడ పెట్టాలో చెప్పరు. నాకు కావలసినవి మూడు: నెట్ లేకుండా నడిచేవి, పీరియడ్‌లో పదిహేను నిమిషాలకి మించి తినేయనివి, పిల్లల చేతికి పని ఇచ్చేవి. ముందు పదిలో విద్యుత్తు, తొమ్మిదిలో తేలడం-మునగడం, ధ్వని పాఠాలు ఉన్నాయి. దేనికి ఏది వాడాలి, ఎక్కడ తేడా కొడుతుందో తెలిసినవారు వివరంగా చెప్పండి.

---

ఆఫ్‌లైన్_మాస్టారు

మేడమ్, యాప్‌ల చిట్టా పక్కన పెట్టండి. మీ మూడు పాఠాలకీ ఫెట్ (PhET) సిమ్యులేషన్లతో, అంటే తెర మీదే చేసి చూసే ప్రయోగాలతో, మొదలుపెడితే చాలు. నోబెల్ అందుకున్న భౌతిక శాస్త్రవేత్త కార్ల్ వీమన్ 2002లో కొలరాడో విశ్వవిద్యాలయంలో మొదలుపెట్టినవి ఇవి. ఉచితం. ఒక్కో సిమ్యులేషన్ ఒక్కో హెచ్‌టీఎంఎల్ ఫైలుగా దిగుతుంది. ఒకసారి దింపుకుంటే ఇక నెట్‌తో పనిలేదు. వాళ్ల సైట్‌లో అనువాదాల పేజీకి వెళ్లి తెలుగు ఎంచుకుంటే తెలుగులో ఉన్నవన్నీ ఒకచోట కనిపిస్తాయి. అన్నీ తెలుగులో లేవు. లేనివి ఇంగ్లిష్‌లోనే దింపుకోండి, వాటిలో చదవాల్సిన మాటలు ఎటూ తక్కువే.

ప్యానెల్‌లో ఎక్కువమంది చతికిలపడేది ఫైలు తెరిచేటప్పుడు. పెన్‌డ్రైవ్ పెట్టి ఫైల్ మేనేజర్‌లో ఫైలు నొక్కితే తెల్లటి తెర వస్తుంది. ఫైలు పాడైందనుకుని మళ్లీ దింపుతారు, మళ్లీ అదే తెర. అసలు సంగతేంటంటే, ఆండ్రాయిడ్‌తో పాటు వచ్చే హెచ్‌టీఎంఎల్ వ్యూయర్ జావాస్క్రిప్ట్‌ని (పేజీలో కదలికల్ని నడిపే కోడ్) నడపదు. సిమ్యులేషన్ మొత్తం జావాస్క్రిప్టే కాబట్టి ఏమీ కనపడదు. ఫైలు మీద వేలు నొక్కిపట్టి, 'ఓపెన్ విత్' ఎంచుకుని, క్రోమ్‌లో తెరవండి. అప్పటికీ రాకపోతే ఫైల్ని ముందు ప్యానెల్ మెమరీలోకి కాపీ చేసి తెరవండి.

పెన్‌డ్రైవ్ ఫార్మాట్ విషయం కూడా చూసుకోవాలి. ఎఫ్‌ఏటీ32లో 4 జీబీ దాటిన ఫైలు పట్టదు. ఎక్స్‌ఫ్యాట్‌లో పడుతుంది కానీ కొన్ని పాత ప్యానెల్స్ దాన్ని చదవవు. సిమ్యులేషన్లు చిన్న ఫైళ్లు కాబట్టి వాటికి ఎఫ్‌ఏటీ32 పెన్‌డ్రైవ్ ఒకటి విడిగా ఉంచండి. ఇంకో మాట. బీరువాలో పాత యానిమేషన్ సీడీలు ఉంటే వాటి మీద ఆశ పెట్టుకోవద్దు. చాలావరకు ఫ్లాష్‌లో చేసినవి, ఆ ఫ్లాష్‌కి 2020 డిసెంబర్ 31తో మద్దతు ఆగిపోయింది.

ల్యాబ్‌లో ఉన్న ఐదారు కంప్యూటర్లకి కొలిబ్రి (నెట్ లేకుండా పాఠాలు అందించే ఉచిత సాఫ్ట్‌వేర్) సరిపోతుంది. ఒక మంచి ల్యాప్‌టాప్‌లో ఇన్‌స్టాల్ చేసి, నెట్ ఉన్నచోట కావలసిన పాఠాల ఛానెళ్లు దింపుకుని, స్కూల్లో మామూలు వైఫై రౌటర్‌కి కలపండి. రౌటర్‌కి నెట్ అక్కర్లేదు. మిగతా కంప్యూటర్లలో బ్రౌజర్ తెరిచి ఆ ల్యాప్‌టాప్ ఐపీ నంబరు, దాని పక్కన కోలన్ పెట్టి 8080 కొడితే పాఠాలు వస్తాయి. ఏ పిల్ల ఎంతవరకు చేసిందో కూడా నమోదవుతుంది. రాకపోతే మూడు చోట్ల చూడండి. మొదటిసారి నడిపినప్పుడు విండోస్ ఫైర్‌వాల్ అడిగే ప్రశ్నకి 'ప్రైవేట్ నెట్‌వర్క్' దగ్గర అనుమతి ఇవ్వకపోతే వేరే కంప్యూటర్లకి తలుపు తెరుచుకోదు. ల్యాప్‌టాప్ నిద్రలోకి జారితే అందరికీ ఒకేసారి ఆగిపోతుంది, అందుకని పవర్ సెట్టింగ్స్‌లో స్లీప్ తీసేయండి. ఫోన్‌తో కలిపితే, వైఫైకి నెట్ లేదని ఫోన్ తనంతట తాను మొబైల్ డేటాకి మారిపోతుంది, కాబట్టి డేటా ఆపి కలపాలి.

పిల్లల వారీ నమోదు అక్కర్లేదు, తెలుగు వికీపీడియా లాంటివి చేతిలో ఉంటే చాలు అనుకుంటే కివిక్స్ (అలాంటి సైట్లని దింపుకుని నెట్ లేకుండా చదివించే ఉచిత సాఫ్ట్‌వేర్) ఇంకా తేలిక.

---

కొలత_ముందు

పై సమాధానం బాగుంది. దానికి ఒక్కటి కలుపుతాను. సిమ్యులేషన్ ఎప్పుడూ రెండో మెట్టు కావాలి. ముందు చేత్తో కొలవాలి, తర్వాత తెర. తిప్పి చేస్తే పిల్లలు తెర మీద వచ్చిందే నిజమనుకుంటారు, చేతిలో వచ్చిన అంకె తప్పనుకుంటారు.

విద్యుత్తు పాఠం చూడండి. ఓమ్ నియమానికి టార్చి బల్బు పెట్టడం చాలా స్కూళ్లలో అలవాటు. గ్రాఫ్ సరళరేఖ రాదు. టీచరు 'సుమారుగా వచ్చింది' అని గీత గీసేస్తారు. బల్బులో ఫిలమెంట్ వేడెక్కేకొద్దీ నిరోధం పెరుగుతుంది. 2.5 వోల్టులు, 0.3 ఆంపియర్ల బల్బు వెలిగేటప్పుడు 8 ఓమ్‌ల పైన చూపిస్తుంది, ఆర్పి చల్లారాక కొలిస్తే అందులో చిన్న భాగమే ఉంటుంది. కాబట్టి నియమానికి రెసిస్టర్ వాడండి, బల్బుని రెండో ప్రయోగంగా దాచుకోండి.

గుంపుకి కావలసినవి: 1.5 వోల్టుల ఏఏ సెల్స్ మూడు, వాటి హోల్డరు, 100 ఓమ్‌ల రెసిస్టర్ ఒకటి (గోధుమ, నలుపు, గోధుమ, చివర బంగారు పట్టీ), మొసలి క్లిప్పుల వైర్లు నాలుగు, డిజిటల్ మల్టీమీటర్ ఒకటి. ఒక సెల్‌తో సుమారు 15 మిల్లీ ఆంపియర్లు, రెండింటితో 30, మూడింటితో 45 రావాలి. కొత్త సెల్ 1.5 కంటే కాస్త ఎక్కువే చూపిస్తుంది, రెసిస్టర్‌కి 5 శాతం అటూ ఇటూ ఉంటుంది. అందుకని సెల్ మీద అచ్చేసిన అంకె రాసుకోకుండా, రెసిస్టర్ రెండు చివర్ల మధ్య వోల్టేజి కొలిచి రాయించండి. నాలుగో సెల్ పెట్టనివ్వొద్దు. 6 వోల్టుల దగ్గర 0.36 వాట్లు అవుతుంది, మామూలు పావు వాట్ రెసిస్టర్ హద్దు దాటి బాగా వేడెక్కుతుంది. మూడు సెల్స్‌తో 0.2 వాట్లే కాబట్టి భయం లేదు.

మీటర్లు పాడయ్యేది రెండు విధాలుగా. కరెంటు కొలిచాక ఎర్ర తీగని అదే సాకెట్‌లో, చక్రాన్ని అదే రేంజిలో ఉంచేసి సెల్ రెండు చివర్లకి ఆనిస్తే షార్ట్ అయి ఫ్యూజ్ పోతుంది. ఇక 200 మిల్లీ ఆంపియర్ల రేంజిలో బల్బు పెట్టినా పోవచ్చు, ఎందుకంటే బల్బు 300 లాగుతుంది. బల్బు ప్రయోగానికి ఎర్ర తీగని 10 ఆంపియర్ల సాకెట్‌లోకి మార్చాలి. చవక మీటర్లలో ఆ సాకెట్‌కి ఫ్యూజ్ ఉండదు, సెల్స్‌కి నేరుగా ఆనించకుండా ఎవరో ఒకరు కాపలా ఉండాలి.

ఇప్పుడు తెర. ఫెట్‌లో 'సర్క్యూట్ కన్‌స్ట్రక్షన్ కిట్: డీసీ' తెరిచి అదే సర్క్యూట్ కట్టించండి. అందులో మామూలు బల్బు నిరోధం మారదు, గ్రాఫ్ గీస్తే నిక్కచ్చిగా సరళరేఖ వస్తుంది. పిల్లలు చేత్తో కొలిచిన బల్బు గ్రాఫ్ మాత్రం వంగి ఉంటుంది. రెండూ పక్కపక్కన పెట్టి 'ఈ రెండింట్లో తేడా ఎందుకు?' అని అడిగి ఊరుకోండి. పది నిమిషాల చర్చ దానంతట అదే నడుస్తుంది. ఆ ప్రశ్న కోసమే ఇంత సరంజామా.

---

గాజువాక_ప్రైమరీ

ప్రైమరీ వాళ్లు కూడా ఈ చర్చ చదువుతున్నారు కాబట్టి చిన్నగా. తెలుగు చదవడానికి ప్రథమ్ బుక్స్ వారి స్టోరీవీవర్ చూడండి. 2015 నుంచి ఉంది. కథలు నాలుగు స్థాయిల్లో ఉంటాయి, పీడీఎఫ్‌గా దింపుకోవచ్చు. క్రియేటివ్ కామన్స్ లైసెన్సు కాబట్టి చివరి పేజీలో ఉన్న రచయిత, చిత్రకారుల వివరాలు తీసేయకుండా ప్రింటు తీసుకోవచ్చు, వాక్యాలు తేలిక చేసి మార్చుకోవచ్చు కూడా. మూడో తరగతి అని మూడో స్థాయి ఇవ్వకండి. పిల్లవాడు పేజీలో నాలుగైదు మాటల దగ్గర తడబడితే ఒక స్థాయి కిందికి దిగండి.

ప్రింటు దగ్గర ఒక చిక్కుంది. మన డీటీపీ షాపుల్లో చాలావాటిలో ఇంకా పేజ్‌మేకర్, యూనికోడ్ కాని అను ఫాంట్లే. మీరు యూనికోడ్‌లో టైప్ చేసిన వర్క్‌షీట్‌ని వర్డ్ ఫైలుగా తీసుకెళ్తే వాళ్ల దగ్గర ఒత్తులు విడిపోతాయి, లేదా అక్షరాల బదులు గడులు వస్తాయి. ఫోన్‌లోనో ల్యాప్‌టాప్‌లోనో పీడీఎఫ్ చేసి తీసుకెళ్లండి, ఫాంట్ అందులోనే ఇమిడి ఉంటుంది. చిన్న పిల్లలకి 20 పాయింట్ల కంటే తక్కువ వద్దు. వరుసల మధ్య ఒకటిన్నర ఎడం లేకపోతే పై వరుస ఒత్తులు కింది వరుస గుడుల మీద పడతాయి.

ఇక చార్టులు, కార్డులు. మన సముద్రపు గాలికి అట్టపెట్టెల ముక్కలు వానాకాలంలో మెత్తబడి అంచులు లేచిపోతాయి. లామినేషన్ చేయించేటప్పుడు కాగితం అంచుకి సమంగా కత్తిరించనివ్వొద్దు, చుట్టూ అర సెంటీమీటరు ప్లాస్టిక్ వదలమనండి. అంచు మూసుకుని ఉంటేనే తేమ లోపలికి పోదు.

---

భీమిలి_పీఎస్

తెల్లటి తెర సమస్య మాకూ ఉంది, క్రోమ్‌లో తెరిస్తే వచ్చింది. చాలా థాంక్స్ మాస్టారూ.

పుస్తకాల్లో క్యూఆర్ కోడ్‌ల సంగతేంటి? కొన్ని స్కాన్ అవుతాయి, కొన్ని అవ్వవు. తేలడం-మునగడం పాఠానికి మన ఊరి సముద్రాన్నే వాడుకోవచ్చా?

---

ఆఫ్‌లైన్_మాస్టారు

కోడ్ కింద ఆరు అక్షరాల గుర్తు ఒకటి అచ్చయి ఉంటుంది. స్కాన్ కాకపోతే దీక్షా యాప్‌లో (పాఠ్యపుస్తకాల కోడ్‌లు తెరిచే ప్రభుత్వ యాప్) దాన్ని టైప్ చేయండి. పేజీ ముడత, ప్లాస్టిక్ అట్ట మీద పడే ట్యూబ్‌లైటు మెరుపు, మసకగా అచ్చుపడడం, స్కాన్ కాకపోవడానికి ఎక్కువగా ఇవే కారణాలు. తెరుచుకున్నదాన్ని అక్కడికక్కడ చూసి వదిలేయకుండా డౌన్‌లోడ్ నొక్కండి, తర్వాత నెట్ లేకుండానే ఆడుతుంది. ఒకరు దింపినదాన్ని యాప్‌లోని షేర్‌తో ఫైలుగా పంపితే పక్క టీచరు తన దీక్షాలోకి ఎక్కించుకోవచ్చు. ఆ ఫైలు వేరే వీడియో ప్లేయర్‌లో తెరుచుకోదు, దీక్షా యాప్‌లోనే తెరవాలి.

అన్ని కోడ్‌ల వెనకా మంచి సరుకే ఉండదు. కొన్నిచోట్ల పుస్తకంలో ఉన్న వాక్యాన్నే చదివి వినిపించే వీడియో ఉంటుంది. క్లాసులో పెట్టేముందు మీరు పూర్తిగా చూడండి.

---

కొలత_ముందు

సముద్రాన్ని తప్పకుండా వాడుకోండి. అయితే పిల్లలు ఊహించేది ఒకటి, జరిగేది ఒకటి. బీచ్ నుంచి అర లీటరు నీళ్లు తెప్పించండి, గుడ్డ మడతలో వడకట్టండి. 'ఇందులో కోడిగుడ్డు తేలుతుందా?' అని అడిగి, చేతులు లెక్కపెట్టి బోర్డు మీద రాయండి. ఎక్కువమంది తేలుతుందంటారు. తాజా గుడ్డు మునుగుతుంది. సముద్రపు నీటి సాంద్రత ఘన సెంటీమీటరుకి సుమారు 1.025 గ్రాములు, తాజా గుడ్డుది 1.08కి దగ్గర.

ఇప్పుడు అర లీటరు కుళాయి నీళ్లలో ఉప్పు పదేసి గ్రాముల చొప్పున కలుపుతూ పోండి. 60, 70 గ్రాముల మధ్య ఎక్కడో గుడ్డు లేస్తుంది. గల్లుప్పు నెమ్మదిగా కరుగుతుంది, కరగకుండానే ఇంకో చెంచా వేస్తే లెక్క చెడుతుంది, పొడి ఉప్పే మంచిది. సరిగా కలపకపోతే ఉప్పునీళ్లు అడుగున, మంచినీళ్లు పైన ఉండిపోయి గుడ్డు మధ్యలో వేలాడుతుంది. అది తప్పు కాదు, అదే వేరే ప్రశ్నగా పనికొస్తుంది. గుంపుల జవాబులు మరీ తేడాగా వస్తే గుడ్ల వయసు చూడండి. నిల్వ ఉన్న గుడ్డు పెంకు గుండా తేమ పోగొట్టుకుంటుంది, లోపలి గాలి గది పెరుగుతుంది, కాబట్టి తక్కువ ఉప్పుకే తేలుతుంది.

తర్వాత హైడ్రోమీటర్, అంటే ద్రవాల సాంద్రత కొలిచే తేలే గొట్టం. ప్లాస్టిక్ స్ట్రాలు 2022 జులై 1 నుంచి నిషేధం, కాగితపు స్ట్రా నీళ్లలో ఉబ్బుతుంది. లావు జెల్ పెన్ ఖాళీ రీఫిల్ కడిగి వాడండి. మొన తీసేసి, ఆ చివర ఎం-సీల్‌తో మూసి ఆరనివ్వండి. లోపల సన్నటి గ్రాఫ్ కాగితం పట్టీ, అడుగున సన్న ఇనప తీగ ముక్కలు వేసి, కుళాయి నీళ్లలో 8 సెంటీమీటర్లు మునిగి నిటారుగా నిలిచేదాకా బరువు సరిచేయండి. వాలిపోతుంటే బరువు అడుగున లేదని అర్థం. సముద్రపు నీళ్లలో పెడితే సుమారు 2 మిల్లీమీటర్లు పైకి లేస్తుంది (80ని 1.025తో భాగిస్తే 78). తేడా చిన్నది కాబట్టి గాజుకి అంటుకోనివ్వకూడదు, బుడగలు తుడవాలి, ఒకసారి కొద్దిగా ముంచి వదిలాక చదవాలి. వానల తర్వాత అక్టోబర్, నవంబర్‌లలో నదుల నీళ్లు వచ్చి కలిసి మన తీరంలో పై నీటి ఉప్పదనం తగ్గుతుంది. వేసవిలో ఒకసారి, అప్పుడొకసారి కొలిచి గోడ మీద పట్టికలో రాయిస్తే అది పిల్లల సొంత డేటా.

ఇదంతా అయ్యాక ఫెట్‌లో 'డెన్సిటీ', ఆ తర్వాత 'బోయన్సీ'. మొదటిదాంట్లో పేరు తెలియని దిమ్మల ద్రవ్యరాశి తూచి, నీటి మట్టం తేడాతో ఘనపరిమాణం కనుక్కుని, పట్టికలో పదార్థం పేరు వెతికే పని ఉంది. దాన్ని జంటలుగా ఇవ్వండి. టీచరు ప్యానెల్ దగ్గర నిలబడి తానే లాగుతూ చూపిస్తే అది ఇంకో వీడియో అయిపోతుంది.

విశాఖ బీచ్‌రోడ్డులో ఉన్న కురుసుర జలాంతర్గామి పిల్లలందరికీ తెలిసిందే. 'ఇంత ఇనుము ఎలా తేలుతుంది, కావాలనుకున్నప్పుడు ఎలా మునుగుతుంది?' అని దాంతో ముగించవచ్చు. బల్లాస్ట్ ట్యాంకుల్లోకి సముద్రపు నీరు రానిస్తే మునుగుతుంది, సంపీడన గాలితో ఆ నీటిని గెంటేస్తే లేస్తుంది. సీసా నొక్కితే మునిగే డ్రాపర్ బొమ్మని దీనికి నమూనాగా చూపిస్తారు. చూపించండి, కానీ అందులో నీరు లోపలికి పోయేది నొక్కిడికి గాలి కుదించుకుపోవడం వల్లనని విడమరిచి చెప్పాలి.

---

పెందుర్తి_సైన్స్

ధ్వని ఎవరూ ముట్టుకోలేదు. టీచర్ల ఫోన్లు రెండు చాలు, పిల్లలకి అక్కర్లేదు. ఫైఫాక్స్ అని జర్మనీలోని ఆకెన్ విశ్వవిద్యాలయం చేసిన ఉచిత యాప్ ఉంది, నెట్ లేకుండా నడుస్తుంది. అందులో 'అకూస్టిక్ స్టాప్‌వాచ్' ఒక శబ్దానికి మొదలై ఇంకో శబ్దానికి ఆగుతుంది.

వరండాలో రెండు ఫోన్లనీ 5 మీటర్ల దూరంలో పెట్టండి. దూరం మైకు నుంచి మైకుకి కొలవాలి, మైకు సాధారణంగా ఫోన్ అడుగు అంచున ఉంటుంది. మొదటి ఫోన్ పక్కన ఒకరు చప్పట్లు కొడితే ఆ ఫోన్ వెంటనే, రెండోది శబ్దం చేరాక మొదలవుతాయి. రెండు క్షణాలాగి రెండో ఫోన్ పక్కన ఇంకొకరు కొట్టాలి. రెండోది వెంటనే, మొదటిది ఆలస్యంగా ఆగుతాయి. రెండు సమయాల తేడా అంటే శబ్దం 10 మీటర్లు వెళ్లిన సమయం. 30 డిగ్రీల వేడిలో ధ్వని వేగం సెకనుకి సుమారు 349 మీటర్లు కాబట్టి తేడా 0.029 సెకన్ల దగ్గర రావాలి.

ఇక్కడే జాగ్రత్త. 0.001 సెకను తేడా వస్తే జవాబు పదేసి మీటర్లు ఊగుతుంది: 0.030 వస్తే 333, 0.028 వస్తే 357. అందుకే చోటుంటే 10 మీటర్లు పెట్టండి, ఆ ఊగిసలాట సగమవుతుంది. ఐదుసార్లు చేసి సగటు తీయించండి. ఫ్యాను గాలికీ, పక్క క్లాసు గోలకీ గడియారం దానంతట అదే మొదలైపోతే థ్రెషోల్డ్ (ఎంత పెద్ద శబ్దానికి స్పందించాలనే హద్దు) పెంచాలి. ప్రతిధ్వనికే ఆగిపోతుంటే కనిష్ఠ ఆలస్యాన్ని అర సెకనుకి పెంచాలి. మధ్యాహ్నం సముద్రపు గాలి జోరుగా ఉన్నప్పుడు మైకులో హోరు పడుతుంది, మొదటి పీరియడ్‌లో చేస్తే బాగుంటుంది.

---

పెందుర్తి_సైన్స్

ఇంకొకటి, చాలామంది అడుగుతున్నారు కాబట్టి. ఏఐ చాట్‌తో ప్రశ్నలు తయారు చేయించుకోవచ్చు, కానీ 'పది ప్రశ్నలివ్వు' అంటే పుస్తకం వెనక ఉన్నలాంటివే వస్తాయి. మీకు క్లాసులో వచ్చిన తప్పు జవాబులు రాసివ్వండి. ఉదాహరణకి, 'రెండు బల్బులు శ్రేణిలో ఉంటే మొదటి బల్బు కరెంటు కొంత తినేస్తుంది అని పిల్లలు అనుకుంటున్నారు, ఈ పొరపాటు బయటపడేలా నాలుగు బహుళైచ్ఛిక ప్రశ్నలు, ప్రతి తప్పు జవాబు వెనక ఏ ఆలోచన ఉందో ఒక వాక్యం' అని అడగండి. అప్పుడు పనికొచ్చేవి వస్తాయి.

లెక్కలున్న ప్రతి ప్రశ్నా మీరు చేసి చూసుకోవాలి. జవాబు సరైనదే ఉండి, మధ్య మెట్లు తప్పుండడం కూడా జరుగుతుంది. తెలుగు పారిభాషిక పదాలు పుస్తకంలో ఉన్నవేనా చూడండి: నిరోధం, విశిష్ట నిరోధం, పొటెన్షియల్ భేదం. ఒక ప్రశ్నలో ఒక మాట, ఇంకో ప్రశ్నలో వేరే మాట వస్తే పిల్లలు రెండూ వేర్వేరు సంగతులనుకుంటారు. పిల్లల పేర్లు, మార్కులు అందులో పెట్టొద్దు.